మంగలి మేనేజర్ వేషం కడితే: 1947 షాంఘైలో ఒక నవ్వు, ఒక నిరసన



1947 జూలై అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? ఇంకో నెలలో ఢిల్లీలో జెండా మారబోతోంది. నిజాం ఎవరితోనూ కలవనని కూర్చున్నాడు. బాబాసాహెబ్ బొంబాయి నుంచి మళ్లీ రాజ్యాంగ సభకి ఎన్నికయ్యారు. సరిగ్గా ఆ నెలలోనే చైనాలోని షాంఘై నగరంలో వందలమంది క్షురకులు ఒక సినిమా హాలు ముందు గుమిగూడారు. ఆ హాలు అలాంటిలాంటిది కాదు. గ్రాండ్ థియేటర్. హాలీవుడ్ సినిమాలు ఆడే చోటు, సూటూ బూటూ వేసుకున్నవాళ్లు వచ్చే చోటు. దాని ముందు గడ్డాలు గీసేవాళ్లు నిలబడి, ఈ సినిమా ఆడనివ్వం అన్నారు. ముందస్తు ప్రదర్శన ఆగిపోయింది.

ఆ సినిమా పేరు 'జియా ఫెంగ్ షు హువాంగ్'. చైనా వాళ్ల పురాణాల్లో ఫీనిక్సు పక్షుల జంట ఉంటుంది, ఫెంగ్ మగది, హువాంగ్ ఆడది. అన్యోన్య దాంపత్యానికి గుర్తు. ఇక్కడ రెండూ నకిలీవే. మన మాటల్లో 'దొంగ జంట' అనుకోండి. ఇంగ్లీషులో 'ఫోనీ ఫీనిక్సెస్' అంటారు, 'ది బార్బర్ టేక్స్ ఎ వైఫ్' అని ఇంకో పేరు కూడా ఉంది. మన ఫిల్మ్ క్లబ్బుల్లో ఐజెన్‌స్టీన్ వేస్తారు, సత్యజిత్ రే వేస్తారు, ఈ మధ్య ఇరాన్ సినిమాలూ వేస్తున్నారు. ఈ సినిమా పేరు ఎత్తినవాళ్లని నేను చూడలేదు. చైనాలో కూడా దీన్ని చాలాకాలం పక్కన పెట్టేశారు. నేను దీని దగ్గరికి సినిమా దారిలో రాలేదు, కులం దారిలో వచ్చాను. కులం లేని దేశాల్లో 'నీచమైన పని' అనే భావన ఎలా బతుకుతుందో చదువుతుంటే షాంఘై మంగలివాళ్లు ఎదురయ్యారు. వాళ్ల వెనకే ఈ సినిమా.

ముందు కథ చెప్తాను.

ఫాన్ రూహువా అనే ఆమె భర్త పోయిన యువతి. చంకలో బిడ్డ, చేతిలో పైసా లేదు. ఏం చెయ్యాలో తోచక పేపర్లో పెళ్లి ప్రకటన వేయిస్తుంది. అందులో తాను విదేశాల్లో స్థిరపడ్డ కోటీశ్వరుడి కూతురిని. బిడ్డ ఊసే ఉండదు. ఆ ప్రకటన ఒక కంపెనీ జనరల్ మేనేజర్ కంట పడుతుంది. పైకి పెద్దమనిషి, లోపల అప్పుల్లో మునిగి ఉన్నాడు. ఆమె డబ్బు మీద కన్నేసి, తనకి గడ్డం గీసే యాంగ్ షియావోమావ్‌ని తన బదులు పంపిస్తాడు. మనిషి చూడ్డానికి బాగుంటాడు కదా, సూటు తొడిగితే మేనేజరే. (షియావోమావ్ అంటే 'చిన్న వెంట్రుక' అని కూడా అర్థం వస్తుంది. పేరు పెట్టినవాడు ఊరికే పెట్టలేదు.) ఇక ఒక నకిలీ మేనేజరూ ఒక నకిలీ వారసురాలూ ఒకరి ఆస్తి కోసం ఒకరు ప్రేమ నటిస్తారు. పెళ్లవుతుంది. అబద్ధాలు బయటపడతాయి. కొట్లాడుకుంటారు. చివరికి ఇద్దరూ తమలాంటివాళ్లమే అని తెలుసుకుని, కష్టం చేసుకుని కలిసి బతుకుదామనుకుంటారు.

ఇంతే కథ. ఇందులో మంగలివాళ్లకి కోపం తెప్పించింది ఏమిటి?

కోపం ఎక్కడ పుట్టిందంటే, సినిమాలో నవ్వు పుట్టిన చోటే. షియావోమావ్ ఎంత సూటు వేసుకున్నా చేతులు ఊరుకోవు. పని అలవాటు చేతుల్లోంచీ, నడకలోంచీ, వంగే తీరులోంచీ బయటికి తన్నుకొస్తుంది. ఆ ప్రతి చోటా హాలు నవ్వుతుంది. మా పనిని వెక్కిరిస్తున్నారు, మమ్మల్ని మోసగాళ్లుగా చూపిస్తున్నారు అన్నది క్షురకుల సంఘం అభ్యంతరం. పత్రికల్లో వాదోపవాదాలు నడిచాయి. చర్చలు జరిగాయి. కొన్ని ముక్కలు కత్తిరించి సినిమా విడుదల చేశారు. బాగా ఆడింది కూడా. గొడవే దానికి ప్రచారమైందని అనుకోవడంలో తప్పులేదు.

"సరదా సినిమాకి అంత రాద్ధాంతం ఎందుకు?" ఈ మాట మీరు ఎన్నిసార్లు విన్నారు తమ్ముళ్లూ? హాస్టల్లో, క్యాంటీన్లో, ఆఫీసులో? నవ్వు ఎవరి మీద పడుతుందో వాడు తప్ప మిగతా అందరూ ఈ ప్రశ్న అడుగుతారు.

షాంఘై మంగలివాళ్లు ఎవరో తెలిస్తేనే ఆ కోపం బరువు తెలుస్తుంది.

వాళ్లలో ఎక్కువమంది సుబేయ్ వాళ్లు. సుబేయ్ అంటే యాంగ్‌చీ నదికి ఉత్తరాన ఉన్న జియాంగ్సు ప్రాంతం. వరదలు, కరువులు. అక్కడినుంచి తిండి కోసం షాంఘైకి వచ్చినవాళ్లు నగరం అంచున గుడిసెలు వేసుకున్నారు. రిక్షా లాగింది వాళ్లు. రేవులో మూటలు మోసింది వాళ్లు. ఇళ్లలోంచి మలం ఎత్తింది వాళ్లు. స్నానశాలల్లో ఒళ్లు రుద్దింది, కాళ్ల గోళ్లు తీసింది, గడ్డాలు గీసింది వాళ్లు. ఆ ప్రాంతంలోని యాంగ్‌జౌ ఊరికి 'మూడు కత్తులు' అని ఒక నానుడి ఉంది: వంటవాడి కత్తి, మంగలి కత్తి, కాలి గోళ్లు తీసే కత్తి. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ షాంఘై వీధుల్లో వాళ్లని పిలిచే మాట వేరు. 'సుబేయ్ పంది' అనేవాళ్లు. 1932లో జపాన్ సైన్యం షాంఘై మీద పడ్డప్పుడు సుబేయ్ వాళ్లందరికీ ద్రోహులనే ముద్ర కొట్టారు. వాళ్ల యాస వినిపిస్తే చాలు, ఎదుటివాడి చూపు మారిపోయేది. వాళ్లింటి పిల్లని చేసుకుంటానంటే తల్లిదండ్రులు ఒప్పుకునేవాళ్లు కాదు.

ఎమిలీ హోనిగ్ అనే చరిత్రకారిణి 1992లో వీళ్ల మీద ఒక పుస్తకం వేశారు. విద్యార్థులు తప్పక చదవాలి. ఆమె చెప్పేది నా మాటల్లో: అసలు 'సుబేయ్' ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరికీ ఒక మాట లేదు. పటంలో గీత లేదు. భాష ఒకటి కాదు. వాళ్లదీ మిగతావాళ్లదీ ఒకే హాన్ జాతి. అయినా షాంఘైలో అది ఒక జాతి పేరులా, ఒక తిట్టులా పనిచేసింది. నగరానికి ఆ పనులు చేసేవాళ్లు కావాలి, ఆ పనులు చేసేవాళ్లని తక్కువ చేయడానికి ఒక పేరూ కావాలి. మను లేడు, స్మృతి లేదు, పురుష సూక్తం లేదు. అయినా మెట్లు కట్టుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. చైనాలో కులం ఉందని నేను అనడంలేదు. అలా అనేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ప్రతి వివక్షనీ కులం అనేస్తే కులం పలచబడుతుంది. సుబేయ్ వాడి మనవడు యాస మార్చుకుంటే, చదువుకుంటే, షాంఘై మనిషి అయిపోగలడు. మన మనవడు అమెరికా వెళ్లినా ఇంటిపేరు వెంటే వెళ్తుంది.

కానీ పుట్టుకతో నీచులనే ముద్ర చైనాకి కొత్త కాదు. మింగ్, చింగ్ రాజుల కాలంలో 'జియాన్‌మిన్' అని కొన్ని సమూహాలు ఉండేవి. హీన జనం అని అర్థం. షావోషింగ్ వైపు దుయోమిన్ అనేవాళ్లు, అంటే పతితులు. సంగీతపు ఇళ్లవాళ్లు. దక్షిణాన పడవల మీదే బతికే దాన్ జనం. వంశపారంపర్య సేవకులు. 1723లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి వీళ్ల విముక్తికి ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టాడు. పడవల వాళ్ల వంతు 1729లో వచ్చింది. ఆజ్ఞ అయితే వచ్చింది. 1771లో మరో నిబంధన పెట్టారు: విముక్తి పొందినవాడి నాలుగో తరం దాకా ప్రభుత్వ పరీక్షలు రాయకూడదు. విముక్తి ఇవాళ, పరీక్ష మునిమనవడికి! మన నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే పిల్లలకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ దుయోమిన్ వాళ్ల పని ఏమిటో తెలుసా? పెళ్లిళ్లలో మేళం వాయించడం. వాళ్ల ఆడవాళ్ల పని పెళ్లికూతురి వెంట ఉండి ముస్తాబు చెయ్యడం. అంటే శుభకార్యం వాళ్లు లేకుండా జరగదు, వాళ్లు మాత్రం పతితులు. మన దగ్గర పెళ్లిలో సన్నాయి ఊదేది ఎవరు? గుడిలో మంగళ వాయిద్యం ఎవరిది? అదే మంగలి పొద్దున్నే ఎదురైతే అశుభం అని ఎవరు నేర్పారు? చైనా రచయిత లూ షున్ షావోషింగ్ వాడే. 1933లో దుయోమిన్ మీద ఒక వ్యాసం రాశాడు. మన అనువాదకులు లూ షున్ కథలు ఎన్నో తెచ్చారు, ఈ వ్యాసాన్ని కూడా ఎవరైనా తెస్తే బాగుండు.

మంగలి పనికి చైనాలో ఇంకో చేదు కూడా ఉంది. 1645లో మంచూ పాలకులు మగవాళ్లందరూ ముందు తల గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలని శాసించారు. జుట్టు ఉంచుకుంటే తల ఉండదు, తల ఉండాలంటే జుట్టు ఉండకూడదు. ఆ శాసనాన్ని జనం తలల మీద అమలు చేసింది మంగలి కత్తి. శాసించినవాడు చక్రవర్తి. పేరు చెడింది కత్తి పట్టినవాడిది.

ఇక సినిమా తీసిందెవరో చూద్దాం. రాసిన సాంగ్ హు సినిమాల్లోకి రాకముందు బ్యాంకు ఉద్యోగి. దర్శకుడు హువాంగ్ జువోలిన్ ఇంగ్లండులో చదువుకున్నవాడు, బెర్నార్డ్ షాకి అభిమాని, యుద్ధకాలంలో షాంఘై నాటకరంగాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకడు. కంపెనీ వెన్‌హువా, 1946లో పుట్టింది. ఎనిమిదేళ్ల యుద్ధం అప్పుడే అయింది. జపాన్ పోయింది, అంతర్యుద్ధం మొదలైంది. ధరలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. 1948 ఆగస్టులో కొత్త నోటు తెచ్చినప్పుడు 30 లక్షల పాత నోట్లకి ఒక కొత్త యువాన్ ఇచ్చారంటే ఊహించండి. అలాంటి ఊళ్లో అందరూ ఏదో ఒక వేషంలోనే ఉన్నారు. మేనేజర్‌కి కంపెనీ ఉంది, కంపెనీలో డబ్బు లేదు. ఈ వాతావరణం తెలియకుండా సినిమా చూస్తే అది ఉత్త ప్రహసనంలాగే ఉంటుంది.

మంగలి వేషం వేసింది షి హుయ్. షాంఘై జనం అతన్ని 'నాటక చక్రవర్తి' అని పిలుచుకున్నారు. అతను గొప్పింటి బిడ్డ కాదు. కుర్రతనంలో రైల్లో బంట్రోతు పని చేశాడు, పళ్ల డాక్టరు దగ్గర సహాయకుడిగా ఉన్నాడు, సినిమా హాల్లో తినుబండారాలు అమ్మాడు. పై తరగతి మనిషికి ఎదురుగా ఎంత వంగి నిలబడాలో అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే సినిమాలో అతని చేతుల్ని చూస్తుంటే నాకు రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. ఒకటి: ఆ సంఘం వాళ్ల కోపం న్యాయమే. హాల్లో కూర్చున్న పెద్దమనుషులు నవ్వేది వాళ్ల చేతుల్ని చూసే. రెండోది: ఆ సినిమాలో నిజంగా బట్టలు ఊడేది మంగలికి కాదు, మేనేజర్‌కి. ఒక మంగలి కాసేపు సూటు వేసుకుంటే జనరల్ మేనేజర్ అయిపోతాడంటే, జనరల్ మేనేజర్ అనేది ఏమిటి? ఒక సూటు. అంతకు మించి ఏమీ లేదు. మేనేజర్‌ని గొరిగే కుర్చీలో కూర్చోబెట్టి కత్తి చేతికివ్వండి, ఒక్క గడ్డం గీయగలడా?

ఆ రోజు గ్రాండ్ థియేటర్ ముందు నేను ఉంటే ఎటు నిలబడేవాణ్ని? సంఘం వైపే. సినిమా మంచిదే అయినా సరే. నవ్వు అర్థం హాల్లో తేలదు, మర్నాడు కొట్లో తేలుతుంది. మర్నాడు ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని "ఏరా మేనేజర్" అని నవ్వినప్పుడు, కత్తి పట్టుకున్నవాడు కూడా నవ్వాలి. సూటు సంగతి నేను పైన రాసినట్టు వాడికి ఎవరు విడమర్చి చెప్తారు?

ఈ వేషం కథ మన దేశంలో తీయగలమా? నేను చాలాసేపు ఆలోచించాను. షాంఘైలో షియావోమావ్‌ని పట్టివ్వగలిగింది అలవాటు, యాస. మన దగ్గర పెళ్లి ప్రకటనలో మొదటి ముక్కే కులం. 'కులపట్టింపు లేదు' అని రాసి పక్కనే 'ఎస్సీ, ఎస్టీలు తప్ప' అని రాసే దేశం ఇది. మేనేజర్ వేషం కట్టినవాణ్ని రెండో నిమిషంలో "మీ ఇంటిపేరేంటండీ?", మూడో నిమిషంలో "ఆ ఊళ్లో మీరెవరి తాలూకు?" అని అడుగుతారు. సినిమా మొదటి రీలులోనే అయిపోతుంది.

మన దగ్గర వేషం కట్టినవాళ్లు లేక కాదు. బాబాసాహెబ్ విదేశాల్లో చదివి బరోడా సంస్థానంలో కొలువుకి వెళ్తే ఆయనకి ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి దిగారు. కొద్దిరోజులకి కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. సామాను బయటపడింది. ఆయన ఏడ్చారు. ఆ సంగతి ఆయనే రాసుకున్నారు. కొలంబియా డిగ్రీ నకిలీ కాదు, ఉద్యోగం నకిలీ కాదు, ఒక్క పేరే అరువు. షాంఘైలో మంగలి అబద్ధం బయటపడితే పెళ్లాంతో గొడవ. ఇక్కడ బయటపడితే కర్రలు. బాబూరావ్ బాగుల్ మరాఠీలో 'నేను కులం దాచినప్పుడు' అనే అర్థం వచ్చే పేరుతో కథ రాశాడు, 1963లో ఆ పేరుతోనే సంపుటం వచ్చింది. అదీ వేషం కథే. అందులో నవ్వుకి చోటు లేదు.

ఇప్పుడు కష్టమైన మాట. మన వాడల్లో పుట్టినవాళ్లకి మంగలి అంటే ఒక్క అర్థం లేదు. మా ఊళ్లో మంగలి మా వాడకి వచ్చేవాడు కాదు. మా తాత జుట్టు మా నాయన కత్తిరించేవాడు, మా నాయన జుట్టు మా చిన్నాయన. ఊళ్లో కొట్టుకి మేం వెళ్తే కుర్చీ ఖాళీగా ఉన్నా ఖాళీ లేదనేవాళ్లు. ఆ మంగలిని ఊరి పెద్దలు అరే ఒరే అని పిలిచేవాళ్లు, అరవై ఏళ్ల మనిషిని! అతను మమ్మల్ని ముట్టుకుంటే వాళ్లు అతని దగ్గర గొరిగించుకోరు. అతని తిండి వాళ్ల చేతిలో ఉంది. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానత అంటే ఇదే. కింది మెట్టు మీదవాడికి కూడా తన కింద ఒకడున్నాడనే తృప్తి ఇస్తారు, ఆ తృప్తికి కాపలా వాడి చేతే కాయిస్తారు.

ఈ మధ్య ఒక సమావేశంలో ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, మన తల ముట్టనివాళ్ల ఆత్మగౌరవం గురించి మనమెందుకు రాయాలి?" తప్పు ప్రశ్న కాదు. నా సమాధానం చిన్నది. మన తల ముట్టకపోవడాన్ని క్షమించమని నేను అనను. ఆ లెక్క ఆ లెక్కే. కానీ 'మంగలి' అనే మాటని తిట్టు చేసినవాడూ, మన కులాల పేర్లని తిట్లు చేసినవాడూ ఒకడే.

సినిమా వాళ్లు ఈ మాటని ఎలా వాడతారో చూడండి. మలయాళంలో శ్రీనివాసన్ 'కథ పరయుంబోళ్' రాశాడు, 2007లో వచ్చింది. పేద క్షురకుడు, అతని చిన్ననాటి స్నేహితుడైన సినిమా స్టార్. మరుసటి ఏడు తెలుగులో అది 'కథానాయకుడు' అయింది, జగపతిబాబు క్షురకుడు, రజనీకాంత్ స్టార్. 2009లో హిందీలో 'బిల్లూ బార్బర్' అని మొదలుపెట్టారు. ముంబై సెలూన్ల వాళ్లు ఆ పేరు మా పనిని తక్కువ చేస్తోందన్నారు. షారుఖ్ ఖాన్ వింటూనే 'బార్బర్' తీసేశాడు, 'బిల్లూ' మిగిలింది. అప్పుడూ మేధావులు నవ్వారు, బార్బర్ అంటే తిట్టా అని. తిట్టు కాకపోతే దాన్ని తిట్టుగా వాడేవాళ్లని అడగాలి కదా, వద్దన్నవాళ్లని ఎందుకు?

చైనా సినిమాకి తర్వాత ఏమైంది? 1949లో విప్లవం. 1950ల మొదట్లోనే వెన్‌హువా ప్రభుత్వ స్టూడియోల్లో కలిసిపోయింది. 1963లో వచ్చిన పెద్ద సినిమా చరిత్ర గ్రంథంలో పెద్దపీట పార్టీకి దగ్గరగా ఉన్న వామపక్ష సినిమాలకి. ఇలాంటి నవ్వుల సినిమాలు పెటీ బూర్జువా సరుకు కింద మూలకి పోయాయి. లీ లీహువా, అంటే మన రూహువా, హాంకాంగ్ వెళ్లి పెద్ద తార అయింది, 1958లో ఒక హాలీవుడ్ సినిమాలో కూడా వేసింది. సాంగ్ హు అక్కడే ఉండి లూ షున్ కథని 1956లో సినిమా తీశాడు.

షి హుయ్ కూడా అక్కడే ఉండిపోయాడు. లావో షె నవలికని 1950లో తెరకెక్కించాడు, ఒక మామూలు పోలీసు బతుకు, తనే ఆ పాత్ర వేశాడు. 1957లో మితవాద వ్యతిరేక ప్రచారం వచ్చింది. సభలు పెట్టి అతన్ని నిలబెట్టి తిట్టారు. ఆ సభల తర్వాత కనిపించకుండా పోయాడు. ఓడ మీంచి సముద్రంలో దూకాడు. అప్పటికి 42 ఏళ్లు. మా కామ్రేడ్ మిత్రులకి ఈ పేరా ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. రైలు బంట్రోతుగా పనిచేసినవాణ్ని శ్రామికుల రాజ్యం ఎందుకు బతకనివ్వలేదో వాళ్లే చెప్పాలి.

ఇంకొక్క సినిమా. 1962లో చైనాలోనే 'మహిళా క్షురకురాలు' అని ఒక కామెడీ వచ్చింది. వాంగ్ దాన్‌ఫెంగ్ నాయిక. ఒక అధికారి భార్య సెలూన్లో పని నేర్చుకుంటుంది, కానీ భర్తకి తెలియకుండా. ఎందుకంటే ఆయనకి అది పరువు తక్కువ పని. ఆస్తులు పోయాయి, భూములు పంచారు, అందరూ కామ్రేడ్లే. పెళ్లాం కత్తెర పట్టిందంటే మాత్రం ఆఫీసరు గారి మొహం చెల్లదు. 1947లో మంగలి మేనేజర్‌గా దాక్కున్నాడు, 1962లో ఆఫీసరు భార్య మంగలిగా దాక్కుంది.

రెండు సినిమాలూ వెతికి చూడండి, వరసలో చూడండి. క్షురక వృత్తి కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు చూసి ఏమనిపించిందో రాస్తే, వచ్చే భాగంలో మీ మాటలే ముందు పెడతాను. బాగుల్ కథ ఆ తర్వాత.